సారు కొట్టిన కొబ్బరికాయ

యజమాని కారు వచ్చేసరికి బండ చుట్టూ శుభ్రంగా ఉండాలని సుబ్బరాయుడు పొద్దున్నే మేస్త్రీకి చెప్పాడు. చిరిగిన తట్టలు, విరిగిన సమ్మెట కామలు, సిమెంటు సంచుల కాగితాలు, ఎక్కడెక్కడో కట్టి వదిలేసిన గుడ్డపేలికలు, ఏవీ కంటికి కనిపించకూడదు.

"అన్నీ తీసెయ్యమంటరా సారూ?" అన్నాడు మేస్త్రీ వెంకటేశం.

"అన్నీ. ఒక్కసారి చెబితే అర్థం కాదా?"

వెంకటేశం ఇంకేదో అనబోయి ఊరుకున్నాడు. ఆ సైటులో సారుని రెండోసారి అడగడం ఎవరికీ అలవాటు లేదు. అడిగితే ఏమవుతుందో మొదటి నెలలోనే అందరూ తెలుసుకున్నారు.

అది అరవై ఎనిమిది ఎండాకాలం. యూనివర్సిటీ ఆవరణలో, తార్నాక వైపు, కొత్త హాస్టలు కడుతున్నారు. కాంట్రాక్టు వెంకటసుబ్బారావుగారిది. సైటు మేనేజరు సుబ్బరాయుడు. తెనాలి నుంచి వచ్చి పదేళ్ళయింది. తార్నాకలో చిన్న ఇల్లు అద్దెకు తీసుకుని భార్య విశాలాక్షితో ఉంటున్నాడు. హాస్టలుకి ఇచ్చిన స్థలంలో మట్టి తక్కువ, రాయి ఎక్కువ. పునాది దిగాలంటే ముందు బండ లేవాలి. మనుషులు ఉలీ సమ్మెటా పట్టుకుని బండలో లోతుగా బెజ్జాలు కొడతారు. వాటిలో మందు దట్టించి, వత్తి పెట్టి, సాయంత్రం అందరినీ దూరం పంపి పేలుస్తారు. పేల్చడానికి లైసెన్సు ఉన్నవాడు సామేలు ఒక్కడే.

క్రితం సాయంత్రం మందు పేల్చాక సామేలు ఆఫీసు రేకుల షెడ్డుకి వచ్చాడు. సుబ్బరాయుడు అప్పుడు యజమానికి నీడ కోసం ఎక్కడ పందిరి వేయించాలా అని ఆలోచిస్తున్నాడు.

"సారూ, తూర్పు మూలకు ఒకటి పండుకున్నది," అన్నాడు సామేలు. వత్తి కాలినా పేలకుండా మందు లోపలే ఉండిపోతే వాళ్ళు అలాగే అంటారు. "ఎర్రగుడ్డ కట్టిన. మా మామ సచ్చిపోయిండు, జనగామ పోతున్న. రేపు పొద్దుమీకి వస్త. నేనొచ్చి సూసేదాక గాడికి ఎవ్వల్ని పోనియ్యకుండ్రి."

"సరే, వెళ్ళిరా."

"బిక్షపతికి గూడ చెప్తరా సారూ? ఆల్లు అప్పుడే ఇంటికి పోయిన్రు."

"చెబుతాలే. నువ్వు బస్సు చూసుకో."

చెబుదామనే అనుకున్నాడు. గుడ్డ కట్టి ఉంది కదా, అదే చెబుతుంది అని కూడా అనుకున్నాడు. ఆ తర్వాత పందిరి సంగతిలో పడి ఆ రెండూ మరిచిపోయాడు.

*

కారు వచ్చింది. వెంకటసుబ్బారావుగారు దిగి, పంచె కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని చుట్టూ చూశారు. మనిషి మంచివాడే. పండక్కి కూలీలకు బట్టలు పెడతారు. ఎవరి ఇంట్లో జబ్బు అని విన్నా డ్రైవరు చేతికిచ్చి ఏదో ఒకటి పంపుతారు. సైటు ముందు ఆయన పెట్టించిన పెద్ద బోర్డు ఉంది: 'జాగ్రత్తగా పనిచేయండి. మీ కోసం ఇంటి దగ్గర ఎదురుచూస్తున్నారు.' గట్టయ్య పోయిన వారానికి రాయించారు దాన్ని.

గట్టయ్య మాఘమాసంలో పోయాడు. పడమటి పక్కన గుడిసెంత బండ ఒకటి ముందుకి వంగి ఉంటుంది. దాని కిందుగా పోతే షెడ్డు దగ్గర. చుట్టు తిరిగి పోతే నీళ్ళ డ్రమ్ములూ ఇసకగుట్టా దాటి వెళ్ళాలి. ఒకరోజు మధ్యాహ్నం ఆ బండ పెచ్చు ఊడి, నీళ్ళ బిందెతో వెళుతున్న గట్టయ్య మీద పడింది. సుబ్బరాయుడు మాణికేశ్వర్ నగర్‌లో వాళ్ళ గుడిసెకి వెళ్ళాడు. గుమ్మం బయట నిలబడ్డాడు. గట్టయ్య భార్య రాములవ్వ ఏడవడం లేదు. తనే ముందు మాట్లాడింది.

"మీరు రోజు గా బండ కిందికెల్లే పోతుంటిరి గద సారూ. సారే పోతుండు, మనకేమైతదని మా ఆయన గూడ గట్లనే పోయిండు."

తప్పు పడుతున్నట్టు అనలేదు. దారి అడిగిన మనిషికి దారి చెప్పినట్టు అంది. సుబ్బరాయుడు తల వంచుకుని వచ్చేశాడు. పదిరోజులు తిరక్కుండానే రాములవ్వ తట్ట పట్టుకుని పనిలోకి వచ్చింది. ఆమె ఉన్న వైపు చూడకుండా తిరగడం ఆయనకి అలవాటైంది. బండ కింది దారి మాత్రం అలాగే ఉంది. తొందర పనుంటే ఆయనా దాన్నే నడిచేవాడు.

గట్టయ్య పోయాక పనివాళ్ళు ఒకటి కోరారు. బండ మీద కొత్త వరస మొదలుపెట్టే ముందు సారు తన చేత్తో కొబ్బరికాయ కొట్టాలి. సుబ్బరాయుడికి అలాంటి నమ్మకాలు లేవు. అయినా, కాయ కొడితే మనుషులు గొణక్కుండా పనిలోకి దిగుతున్నారు కదా అని ఒప్పుకున్నాడు. వాళ్ళ తృప్తి వాళ్ళది అనుకున్నాడు. ఆ కాయకి వాళ్ళ లెక్కలో అర్థం ఏమిటో ఎప్పుడూ అడగలేదు.

ఆ పొద్దున కూడా కాయ సిద్ధంగా ఉంది. రాళ్ళు కొట్టే జట్టుకి పెద్ద బిక్షపతి, పసుపు కుంకుమ పళ్ళెం పట్టుకుని నిలబడ్డాడు. "ఏ దిక్కుకు కొడదాం సారూ?"

"ఇక్కడే కానివ్వవయ్యా," అన్నారు వెంకటసుబ్బారావుగారు, కారు ఆగిన రోడ్డుకి దగ్గరగా ఉన్న మూల చూపించి. "ఆ ఎండలో ఎక్కడికి నడిపిస్తావు నన్ను?"

అది తూర్పు మూల. సుబ్బరాయుడికి మనసులో ఏదో కదిలింది. సామేలు ఏదో అన్నాడు నిన్న. ఆయన కళ్ళు ఎర్రగుడ్డ కోసం వెతికాయి. ఎక్కడా కనిపించలేదు. అయితే ఈ మూల కాదేమో, ఆ పైదేమో అనుకున్నాడు. యజమాని ముందు నిలబడి, పేలని మందు ఎక్కడుందిరా అని అడగడం ఆయనకి ఇష్టం లేకపోయింది.

కాయ కొట్టాడు. సమంగా రెండు చెక్కలైంది.

"బండ గూడ గిట్లనే పలగాలె," అన్నాడు మొగిలి అనే సమ్మెటవాడు. "అప్పుడు మా రెక్కలకు జర పురసత్ దొరుకుతది."

"నీ రెక్కలకేంరా, బీడీ ఎత్తెతందుకు తప్ప ఎన్నడు లేశినయి?" అంది తట్టలు మోసే సాలమ్మ. అందరూ నవ్వారు. యజమాని కూడా నవ్వారు.

బిక్షపతి నీళ్ళు చల్లి బండకి దండం పెట్టాడు. "ఇగ సారు చెయ్యి పడ్డది. భయం లేదు," అన్నాడు తన వాళ్ళతో.

సుబ్బరాయుడు ఆ మాట విన్నాడు. విని, చిన్నగా నవ్వాడు కూడా.

"సాయంత్రం హాస్టలు ఇంజనీరుగారిని వెంటబెట్టుకొస్తాను," అన్నారు వెంకటసుబ్బారావుగారు. "అప్పటికి ఈ వరస బెజ్జాలన్నీ అయిపోయి కనపడాలి. గట్టయ్య గొడవలో పోయిన పని ఇంకా పూడలేదు. వానలు పడితే మనం మునిగినట్టే."

సుబ్బరాయుడు బిక్షపతి వైపు తిరిగాడు. "విన్నావుగా? సాయంత్రానికల్లా."

"అయితది సారూ," అన్నాడు బిక్షపతి.

*

మధ్యాహ్నం భోజనం సుబ్బరాయుడి ఇంట్లో. ఆయన ముందుగా సైకిలు మీద వచ్చాడు. ఊళ్ళో పని చూసుకుని యజమాని తర్వాత కారులో వచ్చారు. డ్రైవరు తిండికని చౌరస్తాలోని ఇరానీ హోటలుకి వెళ్ళాడు. విశాలాక్షి పీటలు వేసి విస్తళ్ళు పరిచింది. మామిడికాయ పప్పు, దొండకాయ వేపుడు, కొబ్బరి పచ్చడి.

"పచ్చడి దివ్యంగా ఉందమ్మా," అన్నారు వెంకటసుబ్బారావుగారు.

"మీరు పొద్దున కొట్టించిన కాయేనండీ. మేస్త్రీ తెచ్చి ఇచ్చి వెళ్ళాడు."

"చూశావా సుబ్బరాయుడూ? భయమూ భక్తీ ఉన్నవాళ్ళయ్యా వీళ్ళు. మనం చెయ్యవలసిందల్లా వాళ్ళకి ధైర్యం ఇవ్వడం. బోర్డు పెట్టించాం. కాయ కొట్టాం. ఆ తర్వాత ఇంతవరకూ ఒక్కడికి గోరు ఊడిందా?"

"లేదండీ."

విశాలాక్షి నెయ్యి వడ్డించి, వంటింటి గుమ్మంలో ఆగింది. "ఏవండీ, మేస్త్రీ కాయ చెక్కలు మూటకట్టి తెచ్చిన గుడ్డ కొత్తదిలా ఉంది. తిరిగి ఇచ్చెయ్యాలా, ఉంచుకోవచ్చా?"

ఆమె చేతిలో ఎర్రగుడ్డ ఉంది. జానెడు వెడల్పు, మూరెడు పొడుగు. ఉతికి పిండినట్టు మడతలు పడింది. ఒక మూల మాత్రం విప్పకుండా వదిలేసిన ముడి. ఆ ముడిలో వేలెడు నల్లని తాడు ముక్క.

అది వత్తి తాడు. మందుకి పెట్టే వత్తి. సామేలు తప్ప దాంతో ముడులు వేసేవాడు ఆ సైటులో ఇంకెవడూ లేడు.

"ఇది ఎక్కడిదన్నాడు?" అన్నాడు సుబ్బరాయుడు.

"బండ మీద కర్రకి కట్టి ఉందట. సారు అన్నీ తీసెయ్యమన్నారు, కొత్తగుడ్డ కదా పారెయ్యడం ఎందుకని కడిగి మూట కట్టానమ్మా అన్నాడు. ఎందుకండీ?"

"ఏ మూలన ఉందన్నాడు?"

"ఏమో. మీరు కాయ కొట్టిన దగ్గరే అన్నట్టున్నాడు."

సుబ్బరాయుడి చెయ్యి విస్తట్లో ఆగిపోయింది. పొద్దున తను గుడ్డ కోసం వెతికాడు, కనబడకపోతే ఇక్కడ కాదులే అనుకున్నాడు. ఆ గుడ్డని తనే తీయించాడు. బిక్షపతి కూడా అక్కడే నిలబడి చూశాడు. క్రితం సాయంత్రం ఒక చప్పుడు తక్కువ వినబడిన సంగతి బిక్షపతికి తెలియకుండా ఉండదు. తెల్లారి వచ్చి చూస్తే గుడ్డ లేదు. పైగా సారు వచ్చి అక్కడే కాయ కొట్టాడు. ఇక సారు చెయ్యి పడ్డది. భయం లేదు. అంటే సారు చూసుకున్నాడు, అక్కడేమీ లేదు, పని మొదలుపెట్టండి అని. కొబ్బరికాయకి వాళ్ళ లెక్కలో అర్థం అది.

సాయంత్రానికల్లా అని తొందరపెట్టాడు కూడా. తొందరలో ఉన్నవాళ్ళు కొత్త బెజ్జం మొదలుపెట్టరు. ముందే సగం లోతున్న పాతదాన్ని చూసి, అందులోకే ఉలి దింపుతారు.

ఆయన లేచాడు.

"ఏమిటయ్యా ఇది?" అన్నారు వెంకటసుబ్బారావుగారు. "విస్తరి ముందు నుంచి లేస్తారా ఎవరైనా? కూర్చో."

"తూర్పు మూలలో పేలని మందుందండీ. గుర్తుకి కట్టిన గుడ్డ ఇదే."

యజమాని ముద్ద ఆకులోనే వదిలారు. "ఎవరికి తెలుసు?"

"నాకు తెలుసు. సామేలు చెప్పాడు."

"అది కాదయ్యా. ఇంకెవరికి తెలుసు?"

సుబ్బరాయుడు ఆయన మొహంలోకి చూశాడు.

"సరే, ఎవరినైనా పంపు. మెల్లిగా, గొడవ చెయ్యకుండా పక్కకి తప్పించమను. ఇంజనీరు వచ్చే వేళకి మందూ మాకూ అని ఊరంతా మోగిందంటే బిల్లు ఆగుతుంది. నువ్వు కూర్చో."

"పంపడానికి ఎవరూ లేరండీ. డ్రైవరు హోటల్లో ఉన్నాడు."

ఆయన గుడ్డ తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. చెయ్యి కడుక్కోలేదు. విశాలాక్షి వెనక నుంచి పిలిచింది, ఆయన తిరగలేదు. చెప్పులు వేసుకున్నాడో లేదో కూడా సైకిలు ఎక్కేదాకా తెలియలేదు.

*

సెలవుల మూలాన ఆవరణలో మనుషులు లేరు. తార్నాక నుంచి లోపలికి పోయే రోడ్డు ఎండకి తెల్లగా మెరుస్తోంది. ఎంగిలి చేతికి సైకిలు హ్యాండిలు అంటుకుంటోంది. మలుపు తిరిగాక సమ్మెట చప్పుడు వినిపించింది. మొదట ఒకటి, దాని వెనకే ఇంకొకటి, మళ్ళీ మొదటిది. ఇద్దరు కొడుతున్నారు. అంటే మూడోవాడు ఉలి పట్టుకుని కూర్చుని ఉన్నాడు.

ఆ చప్పుడు ఆగాలని ఆయన కోరుకున్నాడు. అది ఆగితే ఎందుకు ఆగిందో తెలిసేదాకా ప్రాణం నిలబడదని కూడా తెలుసు. వినిపిస్తున్నంత సేపూ వాళ్ళు ఉన్నట్టే. ఆయన తొక్కాడు.

గుట్ట దిగేసరికి బండ కనిపించింది. తూర్పు మూలన, పొద్దున కాయ కొట్టిన చోట, ఇంకా కుంకుమ మరక ఉంది. దాని పక్కనే బిక్షపతి గొంతుకూర్చుని రెండు చేతులా ఉలి పట్టుకున్నాడు. అటొకడు ఇటొకడు మొగిలీ మల్లన్నా. కింద ఆడవాళ్ళు తట్టలకు రాళ్ళు ఎత్తుతున్నారు. రాములవ్వ వాళ్ళలో ఉంది.

సుబ్బరాయుడు చెయ్యి పైకెత్తి అరిచాడు. ఇనుము మీద ఇనుము మోగుతుంటే ఆ దూరానికి మాటేమీ చేరదు. కానీ మనిషి కనిపించాడు. మొగిలి తల తిప్పి చూశాడు, బిక్షపతికి ఏదో చెప్పాడు. సమ్మెటలు ఒక్కసారిగా జోరందుకున్నాయి.

ఆయన ఇంకా వేగంగా తొక్కాడు, ఇంకా గట్టిగా చెయ్యి ఊపాడు. వాళ్ళు ఇంకా జోరుగా కొట్టారు. ఆడవాళ్ళు కూడా వంగిన నడుములు ఎత్తకుండా తట్టలు నింపుతున్నారు.

అప్పుడు ఆయనకి అర్థమైంది. సైటు మొదలైనప్పటి నుంచీ తను వాళ్ళ వైపు ఇలాగే వచ్చేవాడు. చెయ్యి ఊపుతూ, అరుస్తూ, పరిగెత్తుతూ. ప్రతిసారీ దానికి ఒకటే అర్థం. ఇప్పుడు తను ఎంత తొందరపడితే వాళ్ళ సమ్మెట అంత బలంగా ఆ మందు మీదికి దిగుతుంది.

ఆయన సైకిలు ఆపాడు. దిగి, దాన్ని రోడ్డు మీద పడుకోబెట్టాడు. కాళ్ళు పరిగెత్తమంటున్నాయి. పరిగెత్తలేదు. చేతులు కిందికి దించాడు. బండకి ఎదురుగా, వాళ్ళందరికీ కనిపించేలా, నడిరోడ్డు మీద మట్టిలో కూర్చున్నాడు.

సమ్మెట పడింది. ఇంకోటి పడింది. ఆయన కదలకుండా కూర్చున్నాడు. జీవితంలో అంత కష్టమైన పని ఏదీ చెయ్యలేదు.

ముందు చూసింది రాములవ్వ. తట్ట ఎత్తబోతూ ఆగింది. ఆ సైటులో సారు కూర్చోవడం ఎవరూ చూసి ఉండలేదు. షెడ్డులో కూడా నిలబడే మాట్లాడేవాడు. ఆమె తట్ట కింద పడేసింది.

"ఓ బిక్షపతన్నా," అని కేకేసింది. "సారు గాడ కూలవడ్డడే. జర సూడుండ్రి."

సమ్మెటలు ఆగాయి. గాలిలో ఇనప మోత కొంచెంసేపు ఉండి, అదీ పోయింది.

"ఏమైంది సారూ? ఎండ తగిలిందా?" బిక్షపతి పైనుంచి అడిగాడు.

సుబ్బరాయుడు గొంతు పెంచలేదు. "బిక్షపతీ, ఉలి వదిలెయ్."

"ఏంది సారూ?"

"ఉలి అక్కడే వదిలేసి దిగిరా. ముగ్గురూ దిగండి."

బిక్షపతి అలవాటు కొద్దీ ఉలిని మెలితిప్పి పైకి లాగబోయాడు. పనిముట్టు వదిలి వస్తే సారు ఊరుకోడు. అది కూడా సారు నేర్పిందే.

"లాగకు," అన్నాడు సుబ్బరాయుడు. "పోతే పోనీ. చెయ్యి తీసెయ్, మెల్లిగా."

బిక్షపతి ఉలి వైపు చూశాడు, సారు వైపు చూశాడు. ఏదో తెలిసినట్టుంది. వేళ్ళు ఒక్కొక్కటే విప్పాడు. ఉలి బెజ్జంలో నిటారుగా నిలబడి ఉంది. ముగ్గురూ వెనక్కి వెనక్కి నడిచి, బండ అంచు నుంచి కిందికి జారారు. దగ్గరికి వచ్చి ఆయన ఎదురుగా చతికిలబడ్డారు; ఆడవాళ్ళూ వచ్చి చుట్టూ కూర్చున్నారు.

సుబ్బరాయుడు జేబులోంచి గుడ్డ తీసి నేల మీద పరిచాడు. ముడి కనిపించింది.

మల్లన్న ముడి మీదికి వంగాడు. "సామేలుది."

"పాతదాంట్లనే కొడుతున్నం సారూ," అన్నాడు బిక్షపతి. "రాత్రి ఒకటి పండుకున్నదని అనుమానమే ఉండె నాకు. పొద్దుగాల గుడ్డ లేదు. మీరే గాడ నిలవడి కాయ కొడితిరి. సారు సూడకుంట కొడతడా అనుకున్న."

"నన్ను అడగొచ్చుగా."

ఆ మాట నోటినుంచి వచ్చాక దానికి జవాబు తనకే తెలిసింది. మొగిలి పక్కకి తిరిగి, "అడిగితె ఊకుంటడా," అని గొణిగాడు. "ఊకో రా," అని సాలమ్మ వాడి మోచెయ్యి గిల్లింది.

"వాణ్ణి అననీ," అన్నాడు సుబ్బరాయుడు. "సామేలు నాకు చెప్పాడు. మీకు నేను చెప్పలేదు. గుడ్డ నేను తీయించాను. వెంకటేశం తప్పు లేదు."

రాములవ్వ కొంచెం దూరంగా నిలబడి ఉంది. ఆమె గుడ్డని చూడటం లేదు, ఆయన మొహం చూస్తోంది. మాఘమాసం తర్వాత మొదటిసారి ఆయన ఆమె వైపు చూసి, చూపు తిప్పుకోకుండా ఉన్నాడు.

*

కారు హారను వినిపించింది. పనివాళ్ళు గబగబా లేచారు. మొగిలి చేతులు సమ్మెట కోసం వెతికాయి. మల్లన్న బండ వైపు రెండడుగులు కూడా వేశాడు. హారను వింటే అలా లేవడం ఎన్నాళ్ళుగానో ఉన్నదే.

"కూర్చోండి," అన్నాడు సుబ్బరాయుడు. తను లేవలేదు.

వాళ్ళు సగం లేచినవాళ్ళు లేచినట్టే ఆగారు. యజమాని కారు దిగుతున్నారు, సారు మట్టిలో కూర్చుని ఉన్నాడు. ఎవరిని చూడాలో తెలియలేదు. ముందుగా రాములవ్వ కూర్చుంది. తర్వాత సాలమ్మ. తర్వాత బిక్షపతి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, ముసలివాడిలా.

వెంకటసుబ్బారావుగారు దగ్గరికి వచ్చారు. మొహం ఎర్రగా ఉంది. "ఎవరికీ ఏమీ కాలేదుగా?"

"లేదండీ."

"అమ్మయ్య." నిజంగానే ఊపిరి పీల్చుకున్నారు. ఆ తర్వాత చుట్టూ చూశారు. "మరి వీళ్ళంతా కూర్చున్నారేం? పడమటి వైపు పెట్టు పని. ఇంజనీరు వచ్చేసరికి నాలుగు సమ్మెటలైనా ఆడుతుండాలి. ఉలి మోగకపోతే ఏమని చెప్పను?"

"మందు ఉందని చెప్పండి."

"సుబ్బరాయుడూ."

"సామేలు వచ్చి చూసేదాకా ఈ బండ మీద ఏ వైపూ పని లేదండీ. పడమటి వైపున ఆ వంగిన బండ కూడా ఇంకా అలాగే ఉంది. దాన్ని దించేదాకా దాని కిందికీ ఎవరూ పోరు."

"ఇదంతా పొద్దున నాతో చెప్పవలసింది."

"అవునండీ. పొద్దునే చెప్పవలసింది."

యజమాని గొంతు తగ్గించారు. పనివాళ్ళకి వినబడకూడదని. కానీ అక్కడ అంత నిశ్శబ్దంగా ఉంది, అందరికీ వినబడింది. "చూడు. నీ మంచికోరి చెబుతున్నాను. పని లేదని వీళ్ళకి చెప్పగలవు. నాకు చెప్పలేవు. బండ మీద పని లేకపోతే మేనేజరుకి మాత్రం పనేం ఉంటుంది?"

సుబ్బరాయుడికి విశాలాక్షి గుర్తొచ్చింది, విస్తట్లో వదిలేసి వచ్చిన అన్నం గుర్తొచ్చింది. ఈ నెల అద్దె కూడా గుర్తొచ్చింది. మోకాళ్ళ కింద మట్టి వేడిగా ఉంది. లేస్తే, ఆయన లేచాడు కాబట్టి వీళ్ళూ లేస్తారు. ఎక్కడికి నడిస్తే అక్కడికి నడుస్తారు.

"మీ ఇష్టమండీ," అన్నాడు. లేవలేదు.

వెంకటసుబ్బారావుగారు బోర్డు దాకా వెళ్ళి, దాని నీడలో కొంచెంసేపు నిలబడ్డారు. బండలో నిలబడ్డ ఉలిని చూశారు. ఆయన మనసులో ఏముందో సుబ్బరాయుడికి తెలియలేదు.

"ఇంజనీరుగారికి ఇవాళ రావద్దని చెబుతాను," అన్నారు చివరికి. "రేపు ఇంటికి వచ్చి కనపడు. మాట్లాడాలి." ఏం మాట్లాడాలో చెప్పలేదు. కారు తిరిగి వెళ్ళిపోయింది.

దుమ్ము అణిగాక సుబ్బరాయుడు లేచి గుడ్డ తీసుకున్నాడు. బండ ఎక్కలేదు. దానికి ఇవతలే, అందరూ నడిచే చోట, ఒక కర్ర పాతి గుడ్డని దానికి కట్టాడు. కొబ్బరి వాసన ఇంకా పోలేదు.

"నేను తప్ప ఎవరు తీయమన్నా దీన్ని తీయొద్దు," అని ఆగి, మాట మార్చుకున్నాడు. "నేను తీయమన్నా తీయొద్దు. సామేలే తీయాలి."

"మీరు కోపం జేస్తె?" అన్నాడు బిక్షపతి.

"చేసినా సరే."

వెంకటేశంతో మాట్లాడాలి, జనగామ కబురు పంపాలి. షెడ్డుకి వెళ్ళాలి. ఆయన పడమటి వైపు నడిచాడు, వెనక పనివాళ్ళు నీళ్ళు తాగడానికి అటే బయల్దేరారు. వంగిన బండ దగ్గరకి వచ్చేసరికి దాని కింద చల్లగా, నీడగా ఉంది. దారి నున్నగా ఉంది. ఇన్నాళ్ళ నడకకి అరిగిన దారి అది.

ఆయన ఆగాడు. పక్కకి తిరిగి, ఎండలోకి, ఇసకగుట్ట చుట్టూ తిరిగిపోయే దారి పట్టాడు.

వెనక మొగిలి, దాహం మీద, నీడ వైపు అడుగు వేశాడు. బిక్షపతి వాడి భుజం పట్టి ఇటు తిప్పాడు. ఒకరి వెనక ఒకరు ఇసకలోకి దిగారు. అందరికంటే వెనక రాములవ్వ. ఆమె ఆ బండ ముందు కొంచెంసేపు నిలబడి, దాని కింది నీడ వైపు ఒకసారి చూసి, తట్ట చంకన పెట్టుకుని చుట్టు దారి నడిచింది.